పెళ్లికి ముందు చెక్క నేలా? వెనక నుంచి లెక్క పెట్టి చూడండి

మన ఇండ్లల్లో గోడకి రెండు క్యాలెండర్లు ఉంటాయి. ఒకటి తెలుగు పంచాంగం, ఇంకొకటి తమిళ దినసరి క్యాలెండరు. ఆషాఢం ఎప్పుడు, ఆడి ఎప్పుడు, మార్గళి ఎప్పుడు అని రెండిట్లోనూ చూసుకుని కానీ మనం ఇంటి పని మొదలుపెట్టం. నేల వేయించే పనికి మాత్రం ఈ రెండూ చాలవు. మూడో క్యాలెండరు ఒకటి చూడాల. అది వాన క్యాలెండరు. దాన్ని ఎవరూ అచ్చు వేసి అమ్మరు, మనమే కాగితం మీద రాసుకోవాల. ఈ నెల ఆ సంగతి చెప్తా.

రింగ్ ఫ్రేము సెక్షన్‌లో నాతో కూడా రాత్రి షిఫ్టు చేసిన స్నేహితుడు ఒకాయన ఉండాడు. ఊరు తిరుత్తణి పక్కన. రిటైరయి రెండేళ్లయింది. కూతురికి పెళ్లి కుదిరింది. తై నెలలో ముహూర్తం, ఇంగ్లీషు లెక్కకి ఫిబ్రవరి మొదటి వారం. కొడుకు చెన్నైలో ఉద్యోగం చేస్తా ఉండాడు. వాళ్ల ఆఫీసులో చెక్క నేల చూసినాడంట. "నాయినా, మేడ మీద గదికి టైల్సు వద్దు, గట్టి చెక్క పలకలు వేయిద్దాం, చెల్లెలూ వాళ్లాయనా వస్తే దిగేది ఆ గదిలోనే కదా" అని పట్టుబట్టినాడు. కాంట్రాక్టరు వచ్చి గది కొలిచి, ఇరవై దినాల్లో ముగించి ఇస్తానని చెప్పి పోయినాడు. నా స్నేహితుడు నాకు ఫోన్ చేసి, "ఏమప్పా, దీపావళి అయినాక మొదలుపెట్టుకుంటే చాలు కదా?" అని అడిగినాడు.

చాలదు. ఎందుకు చాలదో ఆయనకి చెప్పిందే మీ అందరికీ రాస్తా ఉండా. ఇది ఒక్క ఇంటి కథ కాదు. మన మిల్లు మనుషులు నేల వేయించేది జీవితంలో ఒకసారో రెండుసార్లో. అది కూడా పి.ఎఫ్., గ్రాట్యుటీ డబ్బు చేతికి వచ్చినాకే. ఆ డబ్బు మళ్లీ రాదు.

మొదట చెక్క ఎట్లాంటిదో తెలుసుకోవాల. మిల్లులో పని చేసినవాళ్లకి ఇది సులభంగా అర్థమవుతాది. దూది చెమ్మ తాగుతాది అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నూరు కిలోల ఎండు దూదికి ఎనిమిదిన్నర కిలోల నీళ్లు కలిపి బరువు లెక్క కట్టడం వ్యాపారంలో వాడుక. ఎండాకాలంలో సెక్షన్‌లో గాలి ఎండిపోతే దారాలు పటపట తెగిపోతాయి. అందుకే గాలిలోకి నీటి తుంపర వదిలే ప్లాంటు పెట్టి ఉంటారు. చెక్క కూడా అదే జాతి. దూది చెట్టుదే, చెక్క చెట్టుదే. వానాకాలంలో గాలిలో చెమ్మ తాగి ఉబ్బుతాది, ఎండలకి చెమ్మ వదిలి ముడుచుకుంటాది. వానాకాలంలో వాకిలి తలుపు పట్టేసి మూసుకోకపోవడం మీరు చూసే ఉంటారు. అదే పని నేల మీద పలక కూడా చేస్తాది.

ఇందులో ఇంకొక సంగతి ఉండాది. పలక పొడుగులో పెద్దగా పెరగదు, వెడల్పులోనే పెరుగుతాది. ఒక్కొక్క పలక కొంచెమే పెరిగినా ముప్పై పలకలు పక్కపక్కన పెడితే అదంతా కూడుతాది. అందుకే గోడ చుట్టూరా సుమారు 10 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి పలకలు వేస్తారు. ఆ ఖాళీ కనబడకుండా పైన స్కర్టింగు పట్టీ కొడతారు. ఖాళీ వదలకుండా గోడకి బిగించి వేస్తే, ఉబ్బినప్పుడు పోయేదానికి దారి లేక నేల నడుమ వీపులాగా పైకి లేస్తాది.

ఈ కాలం తేడా మనకొక్కరికే కాదు. మా చెల్లెలి కొడుకు అమెరికాలో న్యూజెర్సీలో ఉండాడు. ఆడ ఇండ్లల్లో చెక్క నేల మామూలు సంగతి. చలికాలంలో ఇంట్లో హీటర్లు వేస్తే గాలి ఎండిపోయి పలకల నడుమ సందులు తెరుచుకుంటాయంట, వేసవిలో మళ్లీ మూసుకుంటాయంట. పలకలు తెచ్చిన దినమే ఆడ కూడా వేయరు, గదిలో పెట్టి కాచుకుంటారు. మన ఊర్లో హీటరు లేదు, దాని బదులు ఐప్పసి వాన, చిత్తిరి ఎండ ఉండాయి.

చెక్క కింద ఉండే సిమెంటు ఇంకా మొండిది. దాని గురించి మేస్త్రీలు చెప్పే మాట ఒకటి ఉండాది, "ఇరవై ఎనిమిది దినాలకి కాంక్రీటు రెడీ" అని. అది నిజమే. అయితే ఆ ఇరవై ఎనిమిది దినాలు బలం వచ్చేదానికి. ఆరేది వేరే లెక్క. సుమారుగా ఒక అంగుళం మందానికి ఒక నెల పడతాది, అది కూడా గాలి, ఎండ బాగుంటే. గది చదును చేసేదానికి ఒకటిన్నర అంగుళం సిమెంటు వేస్తే ఒకటిన్నర నెల. రెండంగుళాలు వేస్తే రెండు నెలలు. అంతకు ముందు పది దినాలు మనమే దానికి నీళ్లు కట్టాల, అది వేరే. పైకి చూస్తే తెల్లగా ఆరినట్టే ఉంటాది, లోపల నీళ్లు ఉంటాయి. దాని మీద చెక్క పరిస్తే ఆ నీళ్లన్నీ చెక్క తాగుతాది.

ఇప్పుడు నా స్నేహితుడి క్యాలెండరు వేసినా. ముందు నుంచి కాదు, పెళ్లి దినం నుంచి వెనక్కి. మీరు కూడా ఎప్పుడూ ఇట్లే వేయండి.

పెళ్లికి పది దినాల ముందు ఇంట్లో చుట్టాలు దిగుతారు. అంటే జనవరి 25కి గది ఖాళీగా, శుభ్రంగా ఉండాల. దానికి ముందు సంక్రాంతి. భోగి నుంచి కాణుం పొంగల్ దాకా ఒక వారం ఏ పనివాడూ రాడు. పాలిష్ వేసినాక మంచాలు, బీరువాలు ఎక్కించకుండా, జంబుకాణాలు పరచకుండా రెండు వారాలు వదిలితే మంచిది. ఈ రెండూ కలిపితే జనవరి మొదటి దినం దగ్గరికి వస్తాం. ఉప్పుకాగితం మిషనుతో గీకి మూడు కోట్లు పాలిష్ వేసేదానికి అయిదారు దినాలు. కోటుకీ కోటుకీ నడుమ ఒక రాత్రి ఆరాల. పది అడుగులకి పన్నెండు అడుగుల గదికి గట్టి చెక్క పలకలు పరిచేదానికి నాలుగు దినాలు. అంటే డిసెంబరు 20. ఆ పలకలు కట్టలు విప్పి, అదే గదిలో అడ్డంగా పేర్చి, గాలి ఆడేట్టు పది దినాలు పెట్టాల. ఆ గది గాలికి అవి అలవాటు పడాల. అంటే డిసెంబరు 10కి సరుకు ఇంట్లో ఉండాల. దానికి ముందు సిమెంటు ఆరేదానికి రెండు నెలలు, అక్టోబరు 10. నీళ్లు కట్టేదానికి పది దినాలు, సెప్టెంబరు చివర. పాత నేల కొట్టి తీసేది, మిద్దె కారుతా ఉంటే దాన్ని సరి చేసేది, ఇంకో రెండు వారాలు. సెప్టెంబరు నడుమకి వచ్చేసినాం.

ఆయన ఇది చూసి, "అయితే ఇప్పుడే మొదలుపెడితే సరిపోతాది కదప్పా, దినాలు కుదిరినాయి కదా" అన్నాడు.

దినాలు కుదిరినాయి, వాన కుదరలేదు. సిమెంటు ఆరాల్సిన రెండు నెలలూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతా ఉండాయి. మన తిరువళ్లూరు జిల్లాకి పెద్ద వాన వచ్చేది ఆ మూడు నెలల్లోనే, ఈశాన్య గాలితో. 2015 డిసెంబరు మొదట్లో పడిన వాన, పూండి నుంచి వదిలిన నీళ్లు ఎవరూ మరిచిపోలేదు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను. ప్రతి ఏడూ తుపాను వస్తాదని చెప్పను. అయితే ఆ నెలల్లో ఉతికిన పంచె రెండు దినాలైనా ఆరదు. పంచె ఆరని గాలిలో రెండంగుళాల సిమెంటు ఎట్ల ఆరతాది? కాంట్రాక్టరు దినాలు లెక్క పెడతాడు, మనం ఎండ దినాలు లెక్క పెట్టాల. మిల్లులో ఎనిమిది గంటల షిఫ్టు అంటే మిషను తిరిగిన గంటలే కదా ఉత్పత్తికి లెక్క, నిలిచిపోయిన గంటలకి నూలు రాదు. ఇదీ అట్లే.

పనివాళ్ల సంగతి కూడా ఉండాది. చెన్నైలో చెక్క నేల వేసేవాళ్లలో చాలామంది ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. దీపావళికి, ఆ తరువాత ఆరో దినం వచ్చే ఛట్ పండక్కి ఊరికి పోతే, వచ్చేది ఎప్పుడో వాళ్లకే తెలియదు. "దీపావళి అయినాక మొదలు" అంటే నిజానికి నవంబరు చివర అని అర్థం. అప్పుడు ఇరవై దినాల్లో ముగిస్తానన్నవాడు ఏం చేస్తాడు? పచ్చి సిమెంటు మీద పరిచేస్తాడు. పెళ్లి దినానికి నేల అద్దంలాగా ఉంటాది. పంగుని ఎండలకి పలకల నడుమ పావలా బిళ్ల దూరేంత సందులు వస్తాయి. లేదా కింది చెమ్మకి అంచులు పైకి లేస్తాయి. అప్పటికి డబ్బు ఇచ్చేసి ఉంటాం, ఫోన్ చేస్తే ఎత్తరు.

ఇంక ఏం చేయాల అంటే, నేను చెప్పింది ఇది. పనిని రెండుగా విడగొట్టు. వానకి ముందు చేయాల్సింది ఇప్పుడే చేయి. చెక్క పెళ్లి అయినాక వేయి.

ఇప్పుడు చేయాల్సింది ఏమంటే, మొదట మిద్దె. మేడ మీది గది కాబట్టి పైన కారితే కింద ఏం వేసినా వృథా. మిద్దె సరి చేసి, నీళ్లు పోయే తూములు మూసి, రెండంగుళాలు నీళ్లు కట్టి ఒక రాత్రి ఒక పగలు నిలబెట్టి చూడాల. గది లోపల కప్పులో తడి మచ్చ రాకపోతే సరి. కిటికీకి పైన సజ్జా చిన్నదైతే వాన జల్లు లోపలికి కొడతాది, దానికి రేకు వేయించాల. ఆ తరువాత పాత నేల. వాళ్ల గదిలో ఆయన భార్య చాలా ఏండ్లు కండెలు చుట్టే మిషను నడిపింది. మోటారు నూనె కారి సిమెంటు నల్లగా ఇంకిపోయింది. మన ఇండ్లల్లో మగ్గం, మిషను ఉన్న గదులన్నీ ఇట్లే ఉంటాయి. నూనె తాగిన సిమెంటు మీద కొత్త సిమెంటు పట్టదు, గమ్ము కూడా పట్టదు. సబ్బు నీళ్లతో కడిగితే పోదు, నల్లగా ఉన్నంత మేర కొట్టి తీసేయాల. బోల్టు గుంతలు పూడ్చాల. రసమట్టం పెట్టి చదును చేయాల. పది దినాలు నీళ్లు కట్టాల. ఇదంతా పురట్టాసి ముగిసే లోపల అయిపోతాది.

తరువాత దాన్ని ఊరికే వదిలేయాల. వాన వస్తే రానీ. పెళ్లికి ఆ చదును సిమెంటు నేల మీద కోరచాపలు పరిచి, పైన జంబుకాణాలు వేస్తే చుట్టాలు హాయిగా పడుకుంటారు. మన తల్లిదండ్రుల పెళ్లిళ్లు పేడతో అలికిన నేల మీద జరిగినాయి.

ఇది చెప్పినప్పుడు ఆయన భార్య ఫోన్ తీసుకుంది. "అన్నా, మొగపెండ్లివాళ్లు వస్తారు, గది చూస్తారు, ఉత్త సిమెంటు అంటే ఏమనుకుంటారు?" అనింది. ఆ మాటలో న్యాయం లేదని నేను అనను. ఆడపిల్లని ఇచ్చే తల్లికి ఆ భయం ఉంటాది. నేను ఒక మాట అడిగినా. "అమ్మా, పెళ్లివాళ్లు ఆ గదిలో ఉండేది ఎన్ని దినాలు? బిడ్డ ఆడి నెలకి పుట్టింటికి వస్తాది కదా, ఎన్ని దినాలు ఉంటాది?" ఆడికి కొత్త పెళ్లికూతుర్ని పిలుచుకొచ్చి నెల దినాలు పెట్టుకోవడం మన ఇండ్లల్లో ఉండేదే. ఆ తరువాత తల దీపావళికి అల్లుడు కూడా వస్తాడు. "ఆ గదికి నిజమైన తేదీ పెళ్లి కాదమ్మా, ఆడి" అని చెప్పినా. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మళ్లీ లెక్క వేయన్నా" అనింది.

మళ్లీ వేసినా. ఆడి అంటే జూలై నడుమ. పెళ్లి ఫిబ్రవరి మొదట్లో అయిపోతాది. మాసి నెలలో, ఫిబ్రవరి చివర, సిమెంటు చెమ్మ పరీక్ష చేయాల. దీనికి మిషను లేకపోయినా ఒక ఉపాయం ఉండాది. ఒకటిన్నర అడుగు చదరం మందపాటి ప్లాస్టిక్ కవరు తీసుకుని, నాలుగు పక్కలా టేపుతో గాలి పోకుండా నేలకి అతికించి, ఒక రాత్రి ఒక పగలు వదలాల. తీసి చూస్తే కవరు లోపల నీటి చుక్కలు ఉన్నా, కింద సిమెంటు రంగు ముదిరినా ఇంకా ఆరలేదని అర్థం. ఒక్క చోట కాదు, మూడు చోట్ల పెట్టండి, గోడ మూల ఒకటి, నడుమ ఒకటి, కిటికీ కింద ఒకటి. అక్టోబరులో వేసిన సిమెంటుకి అప్పటికి నాలుగు నెలలు దాటి ఉంటాది. అప్పటికీ తడి కనబడితే ఎక్కడో నీళ్లు దిగతా ఉండాయి, దాన్ని కనిపెట్టినాకే చెక్కకి అడ్వాన్సు ఇవ్వాల.

పరీక్ష సరిగ్గా వస్తే మార్చి మొదట్లో సరుకు తెచ్చి పది దినాలు గదిలో పెట్టాల. మాసి, పంగుని నెలలు చెక్కకి మంచి కాలం. వాన చెమ్మ ఉండదు, కత్తిరి ఎండలంత ఎండు కూడా కాదు. నడి వానలో వేస్తే ఎండకి సందులు పడతాయి, నడి కత్తిరిలో వేస్తే వానకి ఉబ్బి ఒత్తుకుంటాయి. నడుమ కాలంలో వేస్తే రెండు పక్కలకీ కొంచెం కొంచెం ఓర్చుకుంటాది. మార్చి నడుమ నుంచి నాలుగు దినాలు పరిచేది, అయిదారు దినాలు గీకి పాలిష్ వేసేది. మార్చి ముగిసే లోపల అయిపోతాది. ఏదైనా ఆలస్యమైనా జూలై దాకా మూడు నెలలు చేతిలో ఉంటాయి. పాలిష్ వాసన కూడా ఆ లోపల పోతాది.

ఇంకొన్ని చిన్న సంగతులు. గోడలకి సున్నం, పెయింటు మొదటి కోటు, కరెంటు పైపులు అన్నీ నేలకి ముందే కావాల. చెక్క పరిచినాక గోడ కొడితే ఆ దుమ్ము, ఆ నీళ్లు చెక్క మీదే పడతాయి. చివరి కోటు పెయింటు మాత్రం స్కర్టింగు కొట్టినాక. నేల ఎత్తు పెరుగుతాది కాబట్టి తలుపు అడుగు కోయాల్సి వస్తాది, ఆ పని వడ్రంగికి ముందే చెప్పి పెట్టండి. పది, పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. కోతల్లో వృథా పోయేదానికి నూటికి పది కలిపి 132 అడుగులు తెప్పించండి. మిగిలిన పలకలు పారేయకండి, రేపు ఒకటి చెడిపోతే అదే రంగు మళ్లీ దొరకదు.

కింది ఇంట్లో, అంటే నేల మీదే ఉండే గదిలో గట్టి చెక్క వద్దనే చెప్తా. మన పక్క చెదలు జాస్తి, కింద నుంచి చెమ్మ ఎక్కతాది. ఆడ టైల్సో, కడప బండో మంచిది. చెక్క లాగానే కనబడే లామినేటు పలకలు ఉండాయి, నొక్కి చేసిన చెక్కపొడి మీద బొమ్మ కాగితం అతికించినవి. అవి గదిలో రెండు దినాలు పెడితే చాలు, పరిచేది ఒక దినం పని, పాలిష్ అక్కర్లేదు. అయితే నీళ్లు తగిలితే ఉబ్బిపోతాయి, గట్టి చెక్కలాగా మళ్లీ గీకి కొత్తగా చేసుకోలేం. సిమెంటు ఆరాల్సిన లెక్క మాత్రం దీనికీ అదే.

డబ్బు కూడా క్యాలెండరు ప్రకారమే ఇవ్వండి. సరుకు ఇంటికి వచ్చి మీరు కట్టలు లెక్క పెట్టినాక సరుకు డబ్బు. కూలిలో సగం పలకలు పరిచినాక. మిగిలిందాంట్లో కొంత పాలిష్ అయిన దినం. చివరి పదో వంతు మాత్రం నెల దినాలు అయినాక ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి. మంచి పనివాడు దీనికి ఒప్పుకుంటాడు. ఒప్పుకోనివాడి పని గురించి మీరే ఆలోచించుకోండి. పెళ్లి డబ్బు, నేల డబ్బు ఒకే డబ్బాలో పెట్టకండి. పెళ్లిలో ఖర్చు పెరగక మానదు, అప్పుడు నేల డబ్బు కరిగిపోతాది, నేల సగంలో నిలిచిపోతాది.

టైల్సు వేయించేవాళ్లకి ఒక్క మాట. మీకు ఇన్ని నెలలు అక్కర్లేదు, అయినా తొందర వద్దు. టైల్సు పరిచిన దినం దాని మీద ఎవరూ నడవకూడదు, సందులు పూడ్చేది మరుసటి దినమే. బీరువాలు, మంచాలు ఒక వారం అయినాక. డబ్బు ఇచ్చే ముందు ఒక రూపాయి బిళ్లతో ప్రతి టైలునీ నాలుగు మూలలా తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు నిండలేదని అర్థం, ఆ టైలు రేపు పగులుతాది. మేస్త్రి ఉండగానే తీసి వేయించండి. ముసలివాళ్లు ఉండే ఇంట్లో నున్నటి మెరిసే టైల్సు వద్దు, గరుకుగా ఉండేవి అడగండి. తడి కాలితో జారి తుంటి విరిగితే, ఆ ఆసుపత్రి ఖర్చుకి ఇంకొక నేల వేయించవచ్చు.

నా స్నేహితుడు ఇప్పుడు మిద్దె పనికి మనిషిని పిలిచినాడు. కొడుక్కి కొంచెం కోపం ఉండాదంట, మార్చిలో సరుకు ఏరేదానికి తానే వస్తానన్నాడంట. మీ ఇంట్లో కూడా నేల పని ఉంటే ఒక తెల్ల కాగితం తీసుకుని, ఆఖరి తేదీ కింద రాసి, పైకి పైకి లెక్క పెట్టుకుంటా పోండి. ఏ పనీ జరగని దినాలు, ఊరికే ఆరే దినాలు కూడా రాయండి. ఎక్కువ మంది మరిచిపోయేది వాటినే.

వచ్చే నెల, వానకి ముందు ఇంటి కరెంటు వైర్లు, ఎర్తు కమ్మీ ఎట్ల చూసుకోవాలో రాస్తా. అడగాల్సింది ఏదైనా ఉంటే పత్రిక ఆఫీసుకి ఒక కార్డు రాసి పడేయండి.